నేలలో ఉన్న భాస్వరం, వేరుకు అందే భాస్వరం

ఈ స్మారకోపన్యాసానికి నేను ఎంచుకున్న విషయం మొక్కల వేళ్లలో కాపురముండే శిలీంధ్రాలు. వృక్షశాస్త్రం చదివినవాళ్లకు మైకోరైజా అన్న పేరు కొత్త కాదు. వ్యామ్ అన్న పేరుతో రైతులకూ కొంత తెలుసు. అయితే పాఠ్యపుస్తకంలో అది ఒక పేరాగా, ఎరువుల దుకాణంలో ఒక సంచిగా మిగిలిపోయింది. భూమ్మీది మొక్కల్లో అత్యధిక భాగం భాస్వరాన్ని ఏ దారిన తెచ్చుకుంటాయో ఈ శిలీంధ్రాలను చూస్తే తెలుస్తుంది. ఆ సంగతిని మనం నిజంగా నమ్మితే భూసార పరీక్షను చదివే తీరు, ఎరువు వేసే తీరు, పొలాన్ని బీడుగా ఉంచే తీరు కూడా మార్చుకోవాలి. ఏళ్ల తరబడి భాస్వరపు ఎరువు వేసిన మన నేలల్లో చాలాచోట్ల కొరత భాస్వరానిది కాదు, అది వేరుకు అందడానిది. దాన్ని అందించే శిలీంధ్రాన్ని కొని తెచ్చి వేయడం కన్నా, నేలలో ఇప్పటికే ఉన్నదాన్ని మన చేతులతో మనం చంపుకోకుండా ఉండటం ముఖ్యం. ఈ గంటలో నేను నిలబెట్టదలచిన వాదన ఇదే.

ముందు భాస్వరం స్వభావం చూద్దాం. నత్రజని నైట్రేట్ రూపంలో నీటితో పాటు కదులుతుంది. వేరు నీరు పీల్చుకున్నప్పుడు అదీ వస్తుంది. ఫాస్ఫేట్ అలా రాదు. రేగడి నేలలో కాల్షియం దాన్ని పట్టుకుంటుంది, ఎర్ర చల్కాలో ఇనుము, అల్యూమినియం పట్టుకుంటాయి. నేలలోని నీటిలో కరిగి ఉండే ఫాస్ఫేట్ సాధారణంగా లీటరుకు 10 మైక్రోమోల్‌లకు మించదు. మొక్క కణంలో దాని గాఢత అంతకు వెయ్యి రెట్లు ఉంటుంది. వేరు తన చుట్టూ ఉన్న కొద్దిపాటి భాస్వరాన్ని మొదట్లోనే తీసేసుకుంటుంది. ఆ తర్వాత పక్కనుంచి కొత్తది రావాలంటే రోజుకు మిల్లీమీటరులో చిన్న భాగం చొప్పున జరుగుతూ రావాలి. అందుకే వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఖాళీ పొర ఏర్పడుతుంది. దానికి అవతల భాస్వరం ఎంత ఉన్నా వేరుకు లేనట్టే. చెరువు నిండా నీళ్లుండి పంటకాలువ పూడిపోయిన ఆయకట్టు పరిస్థితి ఇది. మూలకేశాలు ఆ ఖాళీ పొరలోనే ఉంటాయి, ఎందుకంటే వాటి పొడవు సాధారణంగా ఒక మిల్లీమీటరు లోపే. శిలీంధ్ర తంతువు మాత్రం ఆ పొర దాటి కొన్ని సెంటీమీటర్ల దూరం పోగలదు. దాని మందం మిల్లీమీటరులో నూరో వంతు, చాలాసార్లు అంతకన్నా తక్కువ. వేరు దూరలేని రంధ్రాల్లోకి అది దూరుతుంది. మంచి నేలలో గ్రాము మట్టిలో ఇలాంటి తంతువులు కొన్ని మీటర్ల నుంచి పదుల మీటర్ల పొడవున ఉంటాయి. అంత పొడవు వేళ్లు పెంచాలంటే మొక్కకు అయ్యే ఖర్చుతో పోలిస్తే తంతువుల ఖర్చు బహు స్వల్పం. ఈ సహజీవనానికి ఆర్థిక కారణం అంతా ఇక్కడే ఉంది.

ఈ సంగతి శాస్త్రానికి తెలిసిన క్రమం కూడా గమనించదగ్గదే. జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెర్నార్డ్ ఫ్రాంక్‌కు ప్రష్యా ప్రభుత్వం ట్రఫుల్ పుట్టగొడుగులను సాగు చేయడం సాధ్యమేమో చూడమని పని అప్పగించింది. ట్రఫుల్ సాగు సంగతి అటుంచితే, అడవి చెట్ల వేళ్ల కొసలను శిలీంధ్రం తొడుగులా కప్పి ఉండటం ఆయన చూశాడు. 1885లో దానికి మైకోరైజా అని పేరు పెట్టి, అది రోగం కాదు, చెట్టుకు ఆహారం అందించే ఏర్పాటు అన్నాడు. అంతకు కొద్దికాలం ముందే పోలండ్‌కు చెందిన కామియెన్‌స్కీ, పచ్చదనం లేని మోనోట్రోపా మొక్కను పరిశీలించి ఇలాంటి మాటే అన్నాడు. శిలీంధ్రమంటే తెగులు అన్న నమ్మకం బలంగా ఉన్న కాలమది. ఫ్రాంక్ మాటను ఆనాటి అటవీ వృక్షశాస్త్ర ప్రముఖులు ఒప్పుకోలేదు. శుద్ధి చేసిన మట్టిలో పెంచిన పైన్ మొలకలు శుద్ధి చేయని మట్టిలోని వాటికన్నా గిడసబారడం చూపించి ఆయన జవాబు చెప్పాడు. పంట మొక్కల్లో ఉండేది మరో రకం. ఆ శిలీంధ్రం వేరు పైన కనిపించదు, కణాల లోపలికి పోయి చెట్టు కొమ్మల్లా చీలుతుంది. ఆ చీలికనే ఆర్బస్క్యూల్ అంటారు. ఇంగ్లాండులోని ఈస్ట్ మాలింగ్‌లో పనిచేసిన బార్బరా మోసీ 1950లలో సిద్ధబీజాల నుంచి ఈ సహజీవనాన్ని ప్రయోగశాలలో పుట్టించి చూపే దాకా దీని మీద నమ్మకం కుదరలేదు. 1885 నుంచి లెక్కిస్తే డెబ్బై ఏళ్ల ఆలస్యం. ఆ డెబ్బై ఏళ్లలోనే రసాయన ఎరువుల శాస్త్రం వేళ్లూనుకుంది, శిలీంధ్రం ప్రమేయం లేకుండా తన లెక్కలు రాసుకుంది. ఎకరాకు ఇన్ని కిలోల సిఫారసు అన్న మన పద్ధతి ఆ లెక్కల వారసత్వమే.

దీని ప్రాచీనత ఎంతటిదో చెప్పకపోతే విషయం తేలికపడుతుంది. స్కాట్లాండ్‌లోని రైనీ గ్రామం దగ్గరి చెకుముకి రాతిలో సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కల శిలాజాలున్నాయి. వాటిలో అగ్లావోఫైటాన్ అన్న మొక్కకు అసలు వేళ్లే లేవు, ఆకులు లేవు. కానీ దాని కణాల్లో ఆర్బస్క్యూల్‌లు ఉన్నట్టు 1994లో చూపించారు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో దొరికిన ఇలాంటి శిలీంధ్రాల సిద్ధబీజాలు 46 కోట్ల ఏళ్ల నాటివి. అంటే వేరు కన్నా శిలీంధ్రం ముందు. నీటి నుంచి నేల మీదికి వచ్చిన తొలి మొక్కలకు రాతి పొడిలోంచి భాస్వరం తీసి ఇచ్చింది ఇదేనని 1975లో పిరోజిన్‌స్కీ, మాలక్ ఊహించారు. తరవాత దొరికిన శిలాజాలు ఆ ఊహకు బలం ఇచ్చాయి. పప్పుజాతి వేళ్ల మీది బుడిపెలు చాలా తరవాతివి. ఆ బుడిపెలు పుట్టించే జన్యువుల్లో కొన్ని శిలీంధ్రాన్ని పిలవడానికి అంతకు ముందే ఉన్నవే. నాళాలు కలిగిన మొక్కల జాతుల్లో దాదాపు నూటికి 70 ఇవాళ్టికీ ఈ ఆర్బస్క్యూల్ రకం సహజీవనంలోనే ఉన్నాయి. జొన్న, సజ్జ, మొక్కజొన్న, కంది, శనగ, వేరుశనగ, పత్తి, మిరప, ఉల్లి, పసుపు, మామిడి, నిమ్మ అన్నీ ఆ పట్టికలోవే. ఆవాలు, క్యాబేజీ కుటుంబం, తోటకూర కుటుంబం వంటి కొన్ని మాత్రమే దీన్ని వదిలేసుకున్నాయి.

ఈ లావాదేవీ ఎలా సాగుతుందో గత పాతికేళ్లలో చాలా స్పష్టంగా తెలిసింది. భాస్వరం చాలని మొక్క వేళ్ల నుంచి స్ట్రైగోలాక్టోన్ అనే పదార్థం అతి స్వల్పంగా నేలలోకి వదులుతుంది. ఆ కబురు అందగానే శిలీంధ్రం తంతువులు గుబురుగా చీలి వేరు వైపు వస్తాయని జపాన్ శాస్త్రవేత్త అకియామా, ఆయన సహచరులు 2005లో కనిపెట్టారు. ఈ పదార్థాల గురించి అప్పటిదాకా తెలిసింది మరో కోణం. మన పొగాకు రైతులను పీడించే పొగాకు మల్లె, జొన్న మీద బతికే స్ట్రైగా వంటి పరాన్న కలుపు మొక్కల విత్తనాలు వీటి వాసనకే మొలకెత్తుతాయి. శత్రువుకు తన ఉనికి తెలిసిపోయే ముప్పు ఉన్నా మొక్క ఈ కబురు పంపడం మానలేదంటే, శిలీంధ్రం అవసరం దానికి ఎంతటిదో ఊహించుకోవచ్చు. శిలీంధ్రం కూడా తన వైపు నుంచి గుర్తింపు సంకేతం పంపుతుంది. వేరు కణం దానికి లోపల చోటు సిద్ధం చేస్తుంది. తంతువు దూరాన తీసుకున్న ఫాస్ఫేట్‌ను గొలుసుల్లాంటి పాలీఫాస్ఫేట్‌గా మార్చి, అడ్డుగోడలు లేని తన గొట్టంలో వేరు దాకా తెచ్చి, ఆర్బస్క్యూల్ దగ్గర విడగొట్టి వదులుతుంది. అక్కడ మొక్క పొరలో ఉండే ఒక ప్రత్యేకమైన రవాణా ప్రోటీను దాన్ని లోపలికి తీసుకుంటుంది. మెడికాగో మొక్కలో ఈ ప్రోటీనును మరియా హారిసన్ బృందం 2002లో గుర్తించింది. వరిలోనూ అదే ఏడు ఇలాంటిది దొరికింది. ఆ ప్రోటీను లేని మొక్కల్లో ఆర్బస్క్యూల్‌లు పూర్తి వయసు రాకముందే నశిస్తాయని 2007లో తేలింది. అంటే భాస్వరం ఇవ్వని అతిథిని మొక్క ఎక్కువ రోజులు ఉంచుకోదు.

బదులుగా మొక్క ఇచ్చేది కర్బనం. కిరణజన్య సంయోగక్రియలో తయారైన ఆహారంలో నూటికి 4 నుంచి 20 దాకా శిలీంధ్రానికి పోతుందని అంచనాలు. అది చక్కెర రూపంలోనే అని చాలాకాలం అనుకున్నాం. కొవ్వు ఆమ్లాలు కూడా మొక్కే ఇస్తుందని 2017లో ఒకేసారి పలు ప్రయోగశాలలు చూపించాయి. ఈ శిలీంధ్రానికి సొంతంగా కొవ్వు ఆమ్లాలు తయారుచేసుకునే మామూలు జన్యువులు లేవు. ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది కానీ నా వాదనకు చాలా ముఖ్యం. బతికిన వేరు లేకుండా ఈ జీవి తన జీవితచక్రాన్ని పూర్తి చేసుకోలేదు. సిద్ధబీజంగా కొంతకాలం నిద్రపోగలదు, అంతే. రైజోబియంను, ట్రైకోడెర్మాను పెంచినట్టు దీన్ని ఫెర్మెంటర్‌లో వేసి టన్నుల లెక్కన పెంచలేం. పొలంలో పచ్చని వేరు లేని ప్రతి నెలా దీనికి పస్తే.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మొక్క వేరు తానే తీసుకునే భాస్వరమెంత, శిలీంధ్రం తెచ్చిపెట్టేది ఎంత? చాలాకాలం దీన్ని కొలిచిన పద్ధతి సులువైనది: శిలీంధ్రం ఉన్న కుండీలో, లేని కుండీలో మొక్కలు పెంచి బరువు తూచడం. బరువులో తేడా లేకపోతే శిలీంధ్రం పని చేయలేదని రాసుకోవడం. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో శాలీ స్మిత్, ఆండ్రూ స్మిత్, డెన్మార్క్‌కు చెందిన ఇవెర్ యాకబ్సన్ కలిసి ఈ పద్ధతిలోని లోపాన్ని బయటపెట్టారు. వేళ్లు చొరబడలేని, తంతువులు మాత్రమే పోగల చిన్న గదిలో రేడియోధార్మిక భాస్వరాన్ని పెట్టి, మొక్కలోకి ఏ దారిన ఎంత వచ్చిందో వాళ్లు లెక్క కట్టారు. 2003లో ప్రచురించిన ఫలితం ఈ రంగాన్నే కుదిపింది. టమాటా మొక్కకు శిలీంధ్రం వల్ల ఎదుగుదలలో లాభమేమీ కనబడలేదు. అయినా ఒక జాతి శిలీంధ్రంతో జతకట్టినప్పుడు దాని భాస్వరం దాదాపు మొత్తం శిలీంధ్రం దారినే వచ్చింది. శిలీంధ్రం లోపలికి రాగానే వేరు తన సొంత దారిని కట్టేసుకుంటుందన్నమాట. కాబట్టి శిలీంధ్రం లేని కుండీతో పోల్చి తేడా లేదంటే దాని పాత్ర లేదని కాదు. రెండు దారులూ ఒకే మొత్తాన్ని తెచ్చాయని మాత్రమే. శిలీంధ్రం దారికి అలవాటుపడ్డ మొక్కకు హఠాత్తుగా ఆ దారి లేకుండా పోతే ఏమవుతుందన్నది కుండీ ప్రయోగం అడగని ప్రశ్న.

ఆ ప్రశ్నకు జవాబు పొలంలోనే దొరికింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో డార్లింగ్ డౌన్స్ అనే ప్రాంతముంది. అక్కడివి మన రేగడి లాంటి నల్లనేలలే. వాన తేమ నిలవ చేసుకోవడానికి రైతులు ఏడాదికి పైగా పొలాన్ని కలుపు కూడా మొలవనీయకుండా బీడు పెట్టేవాళ్లు. తీరా విత్తాక పొద్దుతిరుగుడు, అవిసె గింజల పైరు వంటివి తేమ పుష్కలంగా ఉన్నా గిడసబారి, భాస్వరం, జింకు లోప లక్షణాలు చూపేవి. నేలలో ఆ రెండూ తగ్గలేదు. జాన్ థాంప్సన్ 1987లో ప్రచురించిన పరిశోధనలో కారణం తేల్చాడు: దీర్ఘకాలం పాటు సజీవమైన వేళ్లు లేక నేలలోని మైకోరైజా శిలీంధ్రాలు చచ్చిపోయాయి. ఎరువు ఏమీ మారలేదు, వాన మారలేదు, విత్తనం మారలేదు, మారిందల్లా శిలీంధ్రం. రాయలసీమలో, ప్రకాశం జిల్లాలో రేగడి పొలాలను ఖరీఫ్‌లో ఖాళీగా ఉంచి రబీలో శనగో, జొన్నో వేసే అలవాటు మనకుంది. మన బీడు అంత దీర్ఘమైనది కాదు, ఎండాకాలం కలుపుకుని నెలల లెక్క. అందువల్ల ఆ ఫలితాన్ని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకోలేం. అయినా ఒకే స్వభావం గల నేలలో, ఒకే కారణం పనిచేసే వీలున్న చోట ఈ ప్రశ్నను మన పరిశోధన సంస్థలు ముందే వేసుకుని ఉండాల్సింది. చెట్ల విషయంలో ఇంకా నాటకీయమైన ఉదాహరణ ప్యూర్టోరికో దీవిది. అక్కడ నాటిన పైన్ మొలకలు దశాబ్దాలపాటు పచ్చబడి చచ్చాయి. 1950లలో పైన్ అడవుల కింది మట్టిని అమెరికా నుంచి తెచ్చి కలిపాకే అవి నిలదొక్కుకున్నాయి.

ఇప్పుడు మన నేలల లెక్క వేద్దాం. 50 కిలోల డీఏపీ బస్తాలో భాస్వరం ఆక్సైడు లెక్కన 23 కిలోలు. శుద్ధ భాస్వరంగా చెప్పాలంటే సుమారు 10 కిలోలు. ధాన్యపు గింజలో భాస్వరం టన్నుకు రెండు మూడు కిలోలు. ఎకరాకు రెండున్నర టన్నులు పండిన వరి గింజతో పొలం దాటి పోయేది 5 నుంచి 7.5 కిలోలు, గడ్డి కూడా తీసుకుపోతే ఇంకో రెండు మూడు కిలోలు. ఒక్క బస్తా వేస్తే ఆ లెక్క దాదాపు సరిపోతుంది. అంతకు మించి వేసినదీ, దిగుబడి తగ్గిన ఏటిదీ నేలలోనే ఉండిపోతుంది. వేసిన భాస్వరంలో ఆ పంటకు అందేది సాధారణంగా నూటికి 15, 20కి మించదు. మిగిలింది ఆవిరి కాదు, కాల్షియంతోనో ఇనుముతోనో కట్టుబడి అక్కడే ఉంటుంది. దశాబ్దాల పాటు ఇలా పేరుకున్న నిలవ మన కాలువ కింది నేలల్లో చిన్నది కాదు. భూసార పరీక్షల్లో చాలాచోట్ల భాస్వరం మధ్యస్థం, అధికం అని వస్తున్నది అందుకే. ఇందులో చాలా భాగం విదేశాల నుంచి వచ్చిన సొమ్ము. ప్రపంచపు రాతి ఫాస్ఫేట్ నిల్వల్లో సుమారు మూడింట రెండు వంతులు మొరాకో, పశ్చిమ సహారాల్లోనే ఉన్నాయి. విశాఖపట్నం, కాకినాడల్లో కాంప్లెక్స్ ఎరువులు తయారుచేసే కర్మాగారాలూ దిగుమతి సరుకు మీదే ఆధారపడతాయి. 2007-08లో ఆ రాతి ధర దాదాపు ఎనిమిది రెట్లయినప్పుడు మనం ఎంత బలహీనమైన చోట నిలబడ్డామో కనబడింది.

నిలవ ఉంది కదా, శిలీంధ్రం తీసి ఇస్తుందిలే అనుకోవడానికి మాత్రం లేదు. భాస్వరం పుష్కలంగా అందుతున్న మొక్క స్ట్రైగోలాక్టోన్ తగ్గించేస్తుంది, శిలీంధ్రానికి తలుపు మూసేస్తుంది. కణంలో భాస్వరం స్థాయిని పసిగట్టే వ్యవస్థే ఈ తలుపునూ నడుపుతుందని 2021లో వరి మీద జరిగిన పరిశోధన చూపింది. అంటే విత్తేటప్పుడే వేరు పక్కన బస్తా గుమ్మరిస్తే ఆ పంట కాలమంతా శిలీంధ్రం ఎదుగుదల అణగిపోతుంది. వచ్చే పంటకు సిద్ధబీజాలు తగ్గుతాయి. అప్పుడు వచ్చే పంటకూ బస్తా తప్పదు. ఇదొక వలయం. భాస్వరంతో పాటు జింకునూ శిలీంధ్రమే తెస్తుంది కనుక, భాస్వరం ఎక్కువ వేసిన చోట జింకు లోపం బయటపడటంలో దీనికీ కొంత భాగం ఉండవచ్చు.

ఈ వాదనకు బలమైన ఆక్షేపణలున్నాయి. వాటిలో గట్టిది మెగన్ రయన్, జేమ్స్ గ్రహమ్ 2018లో రాసిన వ్యాసం. పొలం స్థాయిలో శిలీంధ్రాల సంఖ్యను బట్టి, వైవిధ్యాన్ని బట్టి రైతు తన సాగు మార్చుకోవాలనడానికి ఆధారాలు చాలవని వాళ్లన్నారు. కుండీల్లో కనిపించిన లాభం పొలంలో కనబడదనీ, దిగుబడే చివరి కొలత అనీ వాళ్ల మాట. మరుసటి ఏడే మథియాస్ రిలిగ్, మరికొందరు దానికి జవాబు రాశారు, వాదం ముగియలేదు. రయన్, గ్రహమ్ మాటలో నేను ఒప్పుకునే భాగం పెద్దది. పుష్కలంగా భాస్వరం ఉన్న ఆస్ట్రేలియా గోధుమ పొలంలో శిలీంధ్రం తగ్గించినా దిగుబడి తగ్గకపోవచ్చు. కానీ ఆ ఫలితం ఎరువు ధర మీద ఆధారపడ్డ ఫలితం. ఎరువు సమృద్ధిగా వేసినంత కాలం శిలీంధ్రం అనవసరమన్నది నిజమే. ఎరువు తగ్గించినప్పుడు కూడా దిగుబడి నిలబడాలంటే ఏమి కావాలన్నది నా ప్రశ్న, దానికి అధిక ఎరువు పొలాల్లో జవాబు దొరకదు. పైగా అదే ఆస్ట్రేలియాలో డార్లింగ్ డౌన్స్ రైతులకు దిగుబడి నష్టం కళ్ల ముందే జరిగింది.

రెండో ఆక్షేపణ కర్బనం గురించి. నూటికి 20 దాకా ఆహారం తీసుకునే జీవిని తోడు అనాలా, దోపిడీ అనాలా? ఈ సంబంధంలో న్యాయం గ్యారంటీ కాదని ఒప్పుకోవాలి. 2011లో టోబీ కియర్స్ బృందం ఎక్కువ భాస్వరం ఇచ్చే శిలీంధ్రానికి మొక్క ఎక్కువ కర్బనం ఇస్తుందనీ, శిలీంధ్రమూ అలాగే బదులిస్తుందనీ చూపింది. మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లో జరిగిన మరో ప్రయోగంలో లెక్క తిరగబడింది. ఒకే శిలీంధ్ర జాలాన్ని జొన్న, అవిసె గింజల పైరు పంచుకున్నాయి. కర్బనం చాలావరకు జొన్న ఇచ్చింది, ఆ జాలం తెచ్చిన నత్రజని, భాస్వరాల్లో నూటికి 94 దాకా అవిసెకు పోయింది. జొన్న ఎదుగుదల మాత్రం పెద్దగా తగ్గలేదు. ఎండ దండిగా ఉన్న మన దేశంలో కర్బనం మొక్కకు చవక, భాస్వరం ఖరీదు. కాబట్టి ఈ బేరం మెట్ట పంటకు చాలాసార్లు లాభమే. అంతర పంటల్లో ఎవరి ఖర్చుతో ఎవరు బాగుపడుతున్నారన్నది మాత్రం జంట జంటకూ కొలిచి చూడాల్సిన సంగతి. ఇదే సందర్భంలో ఇంకొక మాట. అడవిలో తల్లి చెట్టు శిలీంధ్రాల ద్వారా పిల్ల చెట్లకు పాలిస్తుందన్న కథ ఇటీవల ప్రపంచమంతా పాకింది. 1997లో సుజాన్ సిమార్డ్ ప్రచురించిన పరిశోధన విలువైనదే. కానీ దాని మీద కట్టిన కథలకు క్షేత్ర ఆధారాలు చాలవని 2023లో కార్స్ట్, జోన్స్, హోక్సెమా వివరంగా చూపించారు. వేరు, శిలీంధ్రం మధ్య భాస్వరం బదిలీకి ఉన్నంత బలమైన సాక్ష్యం ఆ కథకు లేదు. రెంటినీ కలిపి చెబితే బలమైన సత్యం కూడా పలచబడుతుంది.

మూడో ఆక్షేపణ నాకు అన్నింటికన్నా నిజాయితీగా తోస్తుంది: శిలీంధ్రం భాస్వరాన్ని సృష్టించదు కదా, ఉన్నదాన్ని తోడేస్తుంది కదా? అవును. గింజతో పొలం దాటిన భాస్వరాన్ని ఏదో రూపంలో తిరిగి ఇవ్వాల్సిందే. కాని శిలీంధ్రం లేని వేరుకు సరిపడా అందాలంటే నేలనీటిలో ఫాస్ఫేట్ గాఢతను ఎప్పుడూ ఎత్తున నిలపాలి. అంటే పంట తినేదానికి ఎన్నో రెట్లు నేలకు తినిపించాలి. శిలీంధ్రం ఉన్న వేరుకు తక్కువ గాఢత చాలు. తీసుకున్నంత తిరిగి ఇస్తే చాలు. ఆ తేడాయే మనం దిగుమతి చేసుకుంటున్న బస్తాల్లో కొంత భాగం. కట్టుబడ్డ భాస్వరాన్ని విడిపించడంలో మొక్కకు ఇతర ఉపాయాలూ ఉన్నాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో నొరిహరు ఏ, ఆయన సహచరులు 1990లో ప్రచురించిన పరిశోధన ఈ నేల గర్వించదగ్గది. ఎర్ర నేలలో ఇనుముతో కట్టుబడిన భాస్వరాన్ని కంది వేరు పిసిడిక్ ఆమ్లాన్ని వదిలి విడిపించుకుంటుందని వాళ్లు చూపించారు. జొన్న ఆ పని చేయలేదు. కంది, జొన్న కలిపి వేసే మన పాత అలవాటుకు ఇందులో ఒక రసాయన కారణం ఉంది. వేరు దగ్గర విడిపించడం ఆమ్లం పని, దూరం నుంచి మోసుకురావడం తంతువు పని. ఒకటి ఉందని రెండోది అక్కర్లేకుండా పోదు.

మరి సంచి కొని వేస్తే సరిపోదా? మైకోరైజా జీవన ఎరువుకు మన ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ప్రమాణాలున్నాయి. క్యారెట్ వేళ్లను గాజు పాత్రల్లో పెంచి వాటి మీద శిలీంధ్రాన్ని పెంచే పద్ధతి 1980ల నుంచి ఉంది, ఢిల్లీలోని టెరీ సంస్థ దాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చింది. నారుమళ్లలో, పండ్ల మొక్కల అంట్లలో, శుద్ధి చేసిన మిశ్రమంలో పెంచే కూరగాయల నారులో, గనులు తవ్వి వదిలేసిన నేలల్లో ఇది వేయడం సమంజసం. అక్కడ శిలీంధ్రం లేదు కనుక తెచ్చి పెట్టాలి. తరతరాలుగా జొన్న, కంది పండిన పొలంలో మాత్రం స్థానిక శిలీంధ్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ నేలకు, ఆ వేడికి అలవాటుపడ్డ వాటి మధ్య సంచిలోంచి వచ్చిన ఒకటి రెండు జాతులు నిలుస్తాయన్న హామీ లేదు. సంచిలో ఉన్నవి బతికి ఉన్నాయా అన్నది మరో సందేహం. పలు దేశాల్లో జరిగిన స్వతంత్ర పరీక్షల్లో చాలా ఉత్పత్తులు వేరుకు పట్టనేలేదు. రైతు చేత డబ్బు పెట్టించేముందు ఆ పొలం వేళ్లలో ఇప్పటికే ఎంత ఉందో చూడకపోవడం న్యాయం కాదని గట్టిగా అనుకుంటాను.

ఉన్నదాన్ని నిలుపుకోవడానికి చేయాల్సినవి కొత్తవేమీ కావు, కానీ కొన్నింటిని సూటిగా చెప్పాలి. వర్షాధారపు పొలంలో దుక్కి తగ్గించడం వాటిలో ఒకటి. కలబెట్టని నేలలో పాత తంతువుల జాలం తెగకుండా ఉండి, మొక్కజొన్న మొలకకు తొలి వారాల్లోనే ఎక్కువ భాస్వరం అందిందని కెనడాలోని గ్వెల్ఫ్‌లో మిల్లర్, మెక్‌గానిగల్ చూపించారు. బీడు కాలాన్ని పచ్చని వేళ్లతో నింపడం రెండోది. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో భాగంగా వానలకు ముందే నవధాన్యాలు విత్తించే పద్ధతికి నా దృష్టిలో ఇదే పెద్ద సమర్థన. ద్రావణాల గురించి చెప్పే మాటలకన్నా ఏడాది పొడవునా బతికిన వేరు అన్న సూత్రం శాస్త్రం ముందు గట్టిగా నిలుస్తుంది. విత్తనశుద్ధి మందుల మాట కూడా ఎత్తాలి. పొలంలో మైకోరైజాను కావాలని తొలగించి చూడాలనుకున్న శాస్త్రవేత్తలు నేలలో పోసే మందు బెనోమిల్. అది నేలలో కార్బెండజిమ్‌గా మారుతుంది. ఆ కార్బెండజిమ్‌నే మనం విత్తనానికి పట్టిస్తున్నాం. విత్తనానికి పట్టించే మోతాదు నేలలో పోసే మోతాదు కన్నా చాలా తక్కువ, తెగులు భయమున్న చోట అది అవసరమే. తెగులు ఉన్నా లేకున్నా అలవాటుగా పట్టించడాన్నే పునరాలోచించాలి. డెల్టా వరి సంగతి వేరు. నీరు నిలిచిన దమ్ము మడిలో ఇనుము క్షయకరణం చెంది భాస్వరం తనంతట విడుదలవుతుంది, అక్కడ శిలీంధ్రం అవసరమూ తక్కువ, బతుకూ కష్టం. వరి కోయకముందే చల్లే మినుముకు మాత్రం అది కావాలి. నెలల తరబడి నీటిలో ఉన్న ఆ నేలలో దానికి శిలీంధ్రం ఎక్కడి నుంచి రావాలన్నది కృష్ణా, గుంటూరు రైతులకు నేరుగా సంబంధించిన ప్రశ్న.

వంగడాల మాట కూడా తేలాలి. సజ్జలో ఒక్కో వంగడం వేరుకు శిలీంధ్రం పట్టే తీరు ఒక్కోలా ఉంటుందని ఇక్రిశాట్‌లో కృష్ణ, ఆయన సహచరులు 1985లోనే ప్రచురించారు. ఆధునిక వంగడాలు ఈ గుణాన్ని పోగొట్టుకున్నాయని గోధుమ మీద పనిచేసిన కొందరు అన్నారు. పలు పంటల ఫలితాలను కలిపి 2012లో చేసిన సమీక్ష ఆ మాటను సమర్థించలేదు. గుణం పోలేదు, ఎంపికలో దాన్ని చూసినవాళ్లు లేరు. పుష్కలంగా ఎరువు వేసిన పరిశోధన క్షేత్రంలో ఎంపికైన వంగడాన్ని సగం భాస్వరంతో కూడా పరీక్షించి చూడటం విశ్వవిద్యాలయాలకు పెద్ద ఖర్చు కాదు.

కొలత దగ్గర నుంచే ఇదంతా మొదలుకావాలి. మన భూసార పరీక్ష నేలలో రసాయనికంగా లభ్యమయ్యే భాస్వరం ఎంతో చెబుతుంది. అది వేరుకు చేరే దారి గురించి ఒక్క మాటా చెప్పదు. ఆ దారిని చూడటానికి ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. సన్నని వేళ్లను కడిగి, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేడిచేసి, కొంచెం వెనిగర్‌లో కలిపిన నల్ల సిరాతో రంగు పట్టిస్తే శిలీంధ్రం కనబడుతుంది. ఈ పద్ధతి 1998 నుంచి వాడుకలో ఉంది. మామూలు సూక్ష్మదర్శిని, కాస్త శిక్షణ ఉన్న మనిషి ఉంటే ఏ కృషి విజ్ఞాన కేంద్రంలోనైనా ఈ పని రోజులో అవుతుంది. మొదలుపెట్టడానికి తగిన చోటు అనంతపురం. 1985 నుంచి అక్కడి ఎర్ర నేలలో వేరుశనగ మీద దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగం జరిగింది. ఎరువు వేయని మడి, పూర్తి రసాయన ఎరువు మడి, సగం రసాయనం సగం సేంద్రియం వేసిన మడి పక్కపక్కనే ఉన్న చోటది. ఒక పంట కాలంలో ఆ మూడు మడుల వేళ్లను తీసి, రంగు పట్టించి, నూటికి ఎంత భాగం శిలీంధ్రం పట్టిందో లెక్కించి, పక్కన ఆ మడి దిగుబడినీ, భాస్వరం అంకెనూ రాస్తే, వేరుశనగ రైతుకు ఎకరాకు ఎన్ని కిలోల భాస్వరం వేయమనాలో మరింత నమ్మకంగా చెప్పగలుగుతాం.